అప్‌డేట్: అమ్మమ్మ బొంతల ఫొటోలు

పాత నేత చీరలతో అమ్మమ్మ కుట్టిన బొంతల్ని ఎలా ఫొటో తీసినా కుట్టు కనపడట్లేదు, రంగులు పాలిపోతున్నాయి అని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే ఫ్లాష్ ఆపేశాను. అసలు తేడా అక్కడే వచ్చింది. ఫ్లాష్ వెలుగు ఎదురుగా పడితే కుట్టుకి నీడే ఉండదు, బొంత మామూలు దుప్పటిలా చదునుగా కనిపిస్తుంది.

విజయవాడ ఎండ సంగతి తెలిసిందే, అందుకే పొద్దున ఏడింటికల్లా వరండాలో కర్రకి వేలాడదీశాను. వెలుగు ఒక పక్కనుంచి వాలుగా పడింది. ఒక్కో దారం పక్కన సన్నటి నీడ, రెండు కుట్ల మధ్య గుడ్డ ఉబ్బు, అన్నీ కనిపించాయి. అమ్మమ్మ ఫోన్ దగ్గరగా పెట్టుకుని, "ఇదిగో, ఇక్కడ తెల్ల దారం అయిపోతే ఎర్రది కలిపానే" అని వేలితో చూపించింది. నాకు కళ్లు చెమర్చాయి.

దగ్గర నిలబడి తీస్తే అంచులు వంకరపోయేవి. నాలుగడుగులు వెనక్కి వెళ్లి, రెండు రెట్లు జూమ్ పెట్టి, ఫోన్ బొంత మధ్యకి సమంగా పట్టుకున్నాక సరిపోయింది. లోపలి బల్బు కూడా ఆర్పేయండి, పగటి వెలుగుతో అది కలిస్తే తెలుపు పసుపు తిరుగుతుంది.

ముదురు మెరూన్ బొంత మాత్రం ఇంకా నల్లగానే వస్తోంది. ఎక్స్‌పోజర్ కొంచెం పెంచి రేపు పొద్దున మళ్లీ తీస్తాను.