వయొలిన్ పక్కవాద్యానికి పిలుపులు రావాలంటే గ్రూపుల్లో ఏం పెట్టాలి?

విజయనగరం_వయొలిన్:
మహారాజా సంగీత కళాశాలలో డిప్లొమా అయింది. మహిళా కళాకారుల వాట్సాప్, ఫేస్‌బుక్ గ్రూపుల్లో ఉన్నాను. క్లిప్పులు పెడితే దండాలు, పూలు వస్తాయి గానీ కచేరీకి పిలుపు రాదు. ఆన్‌లైన్ పాఠాలు కూడా మొదలుపెట్టాలి. నంబరు అందరికీ తెలియడం ఇంట్లో ఇష్టం లేదు. దారి చెప్పండి.

శ్రుతిలయ, శ్రీకాకుళం:
పక్కవాద్యం అడుగుతూ సోలో క్లిప్ పెడితే లాభం లేదమ్మా. గాయని చూసేది తను పాడే సంగతిని (ఒకే వరుసను మార్చి పాడే తీరును) మీరెలా అందుకుంటారన్నదే. గ్రూపులో మీ జిల్లా గాయని ఒకామెను అడిగి, ఎదురెదురుగా కూర్చుని రికార్డు చేయండి: నిమిషం ఆలాపన, దానికి మీ జవాబు, నాలుగు ఆవర్తాల (తాళం చుట్ల) కల్పనస్వరాలు, అంటే అప్పటికప్పుడు అల్లే స్వరాలు. మొత్తం మూడు నిమిషాలు దాటొద్దు. ఆమె ఆడియో పంపితే దాని మీద వాయించి కలపడం వద్దు, అందులో మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లే నేర్పు, తెలియదు.

ఫ్యాను ఆపండి. రికార్డు చేసే ఫోను మీ ఇద్దరికీ నాలుగడుగుల దూరంలో, తంబుర యాప్ మోగే రెండో ఫోను మీ వెనకాల ఉండాలి. వాట్సాప్‌లో వీడియోగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

"అవకాశం ఇప్పించండి" అనకండి. ఏ శ్రుతులకు, అంటే పాడేవారి ఏ ఆధార స్వరానికి, వాయిస్తారో (ఆడవాళ్లకు ఐదు, ఐదున్నర, మగవాళ్లకు ఒకటి దరిదాపుల్లో), ఏ ఊళ్లకు రాగలరో, రాత్రి తిరుగు ప్రయాణం ఎవరు చూడాలో రాయండి. గురువుగారి పేరు, కళాశాల పేరు మొదటి వరుసలోనే. ద్వారం వెంకటస్వామినాయుడు గారు నేర్పిన చోటు, 1919 నాటి కళాశాల. ఆ పేరు చూసి ఆగి వినేవాళ్లు నేటికీ ఉన్నారు.

గమకం_క్లాసులు:
పాఠాలకు జూమ్ అయితే సెట్టింగుల్లో "ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్" ఆన్ చేయాలి. లేకపోతే తంబుర నాదాన్ని గోల అనుకుని కోసేస్తుంది, దీర్ఘస్వరం మధ్యలో తెగుతుంది. ఇద్దరూ ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి. కలిసి వాయించడం కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. మీరు వాయించాక శిష్యురాలు వాయించాలి, తంబుర ఆమె దగ్గరే మోగాలి. అమెరికా పిల్లలైతే మార్చి, నవంబరుల్లో వాళ్ల గడియారం గంట మారుతుందని ముందే చెప్పండి.

నంబరుకు రెండో సిమ్ తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టుకోండి, గ్రూపుల్లో అదే ఇవ్వండి. ఫీజు నెల ముందే తీసుకోండి. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ కొట్టనక్కర్లేదు. క్యూఆర్ పంపి పిన్ కొట్టమంటే మోసమే. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి.

శ్రుతిలయ, శ్రీకాకుళం:
మరొకటి. త్యాగరాజ కృతి మీరే వాయించి యూట్యూబ్‌లో పెట్టినా, అది ఎవరిదో రికార్డింగని కాపీరైట్ క్లెయిమ్ పడొచ్చు. భయపడి తీసేయకండి. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారు, కృతి మీద ఎవరికీ హక్కు లేదు. హక్కంతా వాళ్ల రికార్డింగు మీదే. "వాయించింది నేనే, రచన పబ్లిక్ డొమైన్ (ఎవరి హక్కూ లేనిది)" అని డిస్ప్యూట్, అంటే అభ్యంతరం, పెట్టండి. జవాబివ్వడానికి వాళ్లకు 30 రోజుల గడువుంటుంది.