దమ్ము పెరిగింది, 400 మీటర్లలో మాత్రం కాళ్లు మునుపటిలాగే బిగుసుకుంటున్నాయి

ప్రశ్న:
వారానికి ఐదు రోజులు, 40 నిమిషాల చొప్పున ఒకే వేగంతో పరుగు. ఎనిమిది వారాలైంది. అదే వేగానికి గుండె ఇప్పుడు నిమిషానికి 162కి బదులు 148 సార్లే కొట్టుకుంటోంది. కానీ 400 మీటర్లు గట్టిగా పరుగెత్తితే 300 దాటగానే కాళ్లు రాళ్లవుతున్నాయి. ల్యాక్టిక్ ఆమ్లమేనా కారణం?

సమాధానం 1:
నిదానపు పరుగుకూ, 400 మీటర్లకూ శక్తినిచ్చేవి వేర్వేరు పొయ్యిలండీ, మీరు రాజేసింది ఒకదాన్నే. కండరంలో సిద్ధంగా ఉండే ఏటీపీ (కండరం నేరుగా వాడుకునే శక్తి అణువు) రెండు మూడు సెకన్లకే సరి. దాన్ని వెంటనే నింపే ఫాస్ఫోక్రియాటిన్ పూర్తి వేగంలో పది సెకన్లకల్లా చాలావరకు ఖర్చవుతుంది. ఆపైన భారమంతా కండరంలో నిల్వ ఉన్న పిండిపదార్థమైన గ్లైకోజెన్‌ను వేగంగా విడగొట్టే గ్లైకోలిసిస్ మీద, క్రమంగా ఆక్సిజన్ మీద పడుతుంది.

నిదానపు పరుగు పెంచేది మైటోకాండ్రియాను (కణంలో ఆక్సిజన్‌తో శక్తి తయారయ్యే భాగాలు), కేశనాళికలను, కొవ్వును మండించే ఎంజైములను. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా పరిమాణం మొదటి రెండు వారాల్లోనే పెరుగుతుంది. ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తం వెళ్తుంది కనుక గుండె వేగం తగ్గుతుంది. గ్లైకోలిసిస్ ఎంజైములకు, కండరంలో ఆమ్లాన్ని తట్టుకునే శక్తికి ఈ పరుగు పెద్దగా పని చెప్పదు.

ల్యాక్టేట్‌ను (మీరన్న ల్యాక్టిక్ ఆమ్లం శరీరంలో ఉండే రూపం) దోషిగా చూడొద్దు. అది ఇంధనమే, గుండె కూడా దాన్ని వాడుకుంటుంది. ఆ బిగుతులో పోగుపడే ఫాస్ఫేట్‌కూ, ఆమ్లత్వాన్ని పెంచే హైడ్రోజన్ అయాన్లకూ పాత్ర ఉంది.

సమాధానం 2:
ఐదింటిలో ఒక రోజు మార్చండి. 15 నిమిషాలు వార్మప్, తర్వాత 300 మీటర్లు నాలుగు సార్లు, గరిష్ఠ వేగంలో 90 శాతం దాకా. మధ్యలో ఐదారు నిమిషాల నడక. చాలామంది చెడగొట్టుకునేది ఇక్కడే: కష్టంగా ఉంటేనే లాభమని విశ్రాంతిని నిమిషానికి కుదిస్తారు. ఫాస్ఫోక్రియాటిన్ సగం తిరిగి రావడానికే దాదాపు 30 సెకన్లు, పూర్తిగా నిండడానికి మూడు నుంచి ఐదు నిమిషాలు పడుతుంది. కుదిస్తే మూడో పరుగుకే వేగం జారిపోతుంది, మళ్లీ పాత పొయ్యికే పని. 300 మీటర్లకు పట్టే సమయం మొదటి పరుగు కంటే 5 శాతం మించి పెరిగితే ఆ రోజుకు ఆపేయండి. మరుసటి రోజు నిదానపు పరుగు చాలు. గ్లైకోజెన్ నిండడానికి 24 గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది.

ప్రశ్న అడిగినవారు:
మధ్యలో రెండు వారాలు వీలుకాకపోతే?

సమాధానం 1:
పూర్తిగా మానేస్తే ప్లాస్మా కొద్దిరోజుల్లోనే తగ్గుతుంది, మైటోకాండ్రియా ఎంజైములు వారాల్లో. వారానికి రెండు సార్లు, తక్కువ సేపైనా సరే, వేగం తగ్గించకుండా పరుగెత్తితే చాలావరకు నిలుస్తుంది. దూరం తగ్గించుకోవచ్చు, తీవ్రత తగ్గించకూడదు.