క్వావ్‌తెమొక్: వానలు అంతంతమాత్రం, అయినా ఆపిల్ తోటలా?

ప్రశ్న: మెక్సికోలో చీవావా రాష్ట్రం అంటే ఎండిపోయిన మైదానాలే అనుకున్నాను. అక్కడి క్వావ్‌తెమొక్ ఆపిల్‌కి పేరున్న ఊరట! నిజమేనా, నీళ్లెక్కడివి?

జవాబు: నిజమే అండీ. ఊరు 2,000 మీటర్లకు పైన ఎత్తులో ఉంది, చలికాలం గట్టిగా ఉంటుంది, ఆపిల్ చెట్టుకు కావలసింది ఆ చలే. మెక్సికోలో ఆపిల్ ఎక్కువగా పండేది ఈ రాష్ట్రంలోనే. కాకపోతే పూత మీద ఉన్నప్పుడు మంచు పడితే రైతుకు రాత్రంతా టెన్షన్, తోటలో హీటర్లు వెలిగించి కాపలా కాస్తారు. వడగళ్లకు భయపడి చెట్ల మీద వలలు కప్పుతారు, దూరం నుంచి చూస్తే పొలానికి దోమతెర కట్టినట్టుంటుంది.

జవాబు: మెనొనైట్ల (ఒక క్రైస్తవ శాఖ వాళ్లు) సంగతి వదిలేశారేం? స్కూళ్ల విషయంలో ప్రభుత్వంతో పడక కెనడా వదిలి 1922లో ఇక్కడికొచ్చారు. సొంత బడులు నడుపుకోవచ్చని, సైన్యంలో చేరక్కర్లేదని అప్పటి అధ్యక్షుడు ఒబ్రెగోన్ హామీ ఇచ్చాడు. ఇప్పటికీ ఇళ్లలో ఒక రకం జర్మన్ యాసే. వాళ్ల చీజ్ దేశమంతా ఫేమస్, వేడి తగిలితే చక్కగా సాగుతుంది. రారామురి ఆదివాసులు, మెస్తీసోలు (స్పానిష్, ఆదివాసీ మిశ్రమ సంతతి వాళ్లు), మెనొనైట్లు కలిసి ఉండే ఊరు కాబట్టి మూడు సంస్కృతుల ఊరంటారు.

జవాబు: నీళ్ల ప్రశ్నకి ఎవరూ సూటిగా చెప్పలేదు. బోర్లే! వాన పడేది ముఖ్యంగా జులై నుంచి సెప్టెంబర్ దాకా, మిగతా ఏడాది భూమిలోంచి తోడటమే. భూమిలోకి ఇంకే నీటి కంటే ఎక్కువ తోడేస్తున్నారు, బావుల గురించి గొడవలు కూడా జరిగాయి.