సెమినార్‌లో మూడో లైను దగ్గరే ఆగిపోతున్నాను, ఏం చేయాలి?

ప్రశ్న (డిగ్రీ మొదటి సంవత్సరం, రాజోలు వైపు):
అందరికీ నమస్కారం అండి. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు అమలాపురంలో డిగ్రీ చదువుతున్నాను. కమ్యూనికేషన్ స్కిల్స్ క్లాసులో ఒక్కొక్కరూ ఐదు నిమిషాలు ఇంగ్లీషులో మాట్లాడాలి, దానికి మార్కులు కూడా ఉన్నాయి. నాకు మాట్లాడాల్సిన అంశంగా ధవళేశ్వరం ఆనకట్ట వచ్చింది. రెండు పేజీలు రాసుకుని బట్టీ పట్టాను, ఇంట్లో గడగడా వచ్చేస్తోంది, నలుగురి ముందు నిలబడితే మాత్రం గొంతు పట్టేస్తోంది. వచ్చే వారమే నా వంతు. చాలా టెన్షన్‌గా ఉందండి.

జవాబు 1 (పాలకొల్లు):
చెల్లీ, ముందు ఆ రెండు పేజీలు పక్కన పెట్టేయమ్మా. బట్టీలో ఒక్క మాట జారితే వెనకున్నదంతా పోతుంది. ఈ కథ నీకు తెలియనిదా చెప్పు, మీ ఊరి కాలువలో పారేవి ఆ నీళ్లే. కాగితం లేకుండా మీ అమ్మగారికి తెలుగులో చెప్పి చూడు: 1832-33 నందన కరువులో జనం అన్నం లేక చచ్చిపోతుంటే గోదారి నీళ్లు సముద్రంలో కలిసిపోయేవి, కాటన్ దొర 1847లో పని మొదలుపెట్టించి 1852కి ఆనకట్ట పూర్తి చేయించాడు, ఆ తర్వాతే కాలువలు పారి డెల్టా అంతా మాగాణి అయింది. ఇంతే కదా! చేతిలో చిన్న చీటీ పెట్టుకో, దాని మీద కరువు, కాటన్, కాలువలు, ఇవాళ అని నాలుగు మాటలు చాలు.

మొదలెట్టడం గురించి కూడా చెప్తాను, ఎందుకంటే అందరూ చెడగొట్టుకునేది అక్కడే. కాటన్ 1803లో పుట్టాడు అని మొదలుపెడితే ఎవరూ వినరు. "పొద్దున్న మీరు తిన్న ఇడ్లీలో బియ్యం ఏ నీళ్లతో పండింది?" అని అడిగి, రెండు క్షణాలు ఊరుకో. తలలు పైకి లేస్తాయి. ఆ మొదటి రెండు వాక్యాలూ, ఆఖరి వాక్యం మాత్రం కంఠతా వచ్చి ఉండాలి. మధ్యదంతా చీటీ చూసి నీ మాటల్లో చెప్పు.

జవాబు 2 (భీమవరం, ఇంగ్లీషు చెప్తాను):
పై అన్నగారు చెప్పింది బాగుంది, ఒక్క దగ్గర నా మాట వేరు. తెలుగులో చెప్పి చూడటం విషయం పట్టుబడే వరకే. స్టేజి మీద తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చబోతే నోరు తడబడుతుంది. 1907లో రాజమండ్రిలో స్వాతంత్ర్యోద్యమ నాయకుడు బిపిన్ చంద్రపాల్ ఇంగ్లీషులో ఉపన్యసిస్తే చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు తెలుగు చేసి వినిపించారు, అదంతా గొప్ప పాండిత్యం ఉన్నవాళ్ల పని. అందుకని చీటీలో ఒక్కో మాటకీ ఇంగ్లీషులో చిన్న చిన్న వాక్యాలే అనుకో, ప్రతిసారీ కాస్త వేరేగా అను, నిలబడి, బయటికి వినబడేలా. నిదానంగా మాట్లాడితే నిమిషానికి సుమారు 120 మాటలు, అంటే నీకు కావలసింది 600 లోపే. భయంలో అందరం పరిగెడతాం కాబట్టి ఫోన్‌లో టైమరు పెట్టుకో. గుండె దడ అడ్రినలిన్ అనే హార్మోన్ వల్ల వస్తుంది, చాలామందికి మొదటి నిమిషం గడిచేసరికి తగ్గుతుంది. లేచే ముందు ఊపిరి నెమ్మదిగా వదులు.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్స్ అన్నయ్యా, మేడం. చివర్లో ఎవరైనా తెలియని ప్రశ్న అడిగితే?

జవాబు 2:
"ఐ విల్ ఫైండ్ అవుట్ అండ్ టెల్ యు" అని చెప్పి కూర్చో తల్లీ. మర్నాడు నిజంగానే వెతికి చెప్పు, మీ మేడం గుర్తుపెట్టుకుంటారు.

జవాబు 3 (ముమ్మిడివరం):
ఈ సెమినార్ అయ్యాక మానేయకు. నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి, చాలాచోట్ల వక్తృత్వ పోటీలు పెడతారు. మీ దగ్గరి శాఖా గ్రంథాలయంలో ఇప్పుడే అడిగి పేరు ఇచ్చెయ్.