రీబూట్ తరువాత రెయిడ్ లేవకపోతే ‘క్రియేట్’ ఇవ్వవచ్చా?

తిరుపతి నుంచి, ప్రశ్న:
నిన్నటి గాలివానకు కరెంటు పోయి, యూపీఎస్ కూడా నిలబడక, మా ఫొటో స్టూడియోలోని లైనక్స్ సర్వరు ఆగిపోయింది. తిరిగి ఆన్ చేస్తే నాలుగు డిస్కులను ఒక్కటిగా కలిపి, ఒకటి పోయినా డేటా దక్కేలా ఉంచే రెయిడ్ 5 ‘ఎండీ0’కు బదులు ‘ఎండీ127’ పేరుతో, ఇనాక్టివ్‌గా కనిపిస్తోంది. తిరుమలలో తీసిన పెళ్లి వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. దయచేసి దారి చెప్పండి.

చిత్తూరు నుంచి:
రెయిడ్‌ను నడిపే ఎండీఆడమ్‌లో, కొత్త రెయిడ్ కట్టే ‘క్రియేట్’ ఆదేశానికి ‘అస్యూమ్ క్లీన్’ చేర్చి ఇవ్వండి. రీసింక్ (డిస్కులను మళ్లీ ఒకదానితో ఒకటి సరిచేసి రాయడం) జరగదు కాబట్టి డేటాకు ఏమీ కాదు. నేను అలాగే బయటపడ్డాను.

తిరుపతి, బైరాగిపట్టెడ నుంచి:
చిత్తూరు మిత్రులు క్షమించాలి, ఈ సలహాను నేను ఒప్పుకోలేను. రీసింక్ జరగదన్నది నిజమే, కానీ ‘క్రియేట్’ డిస్కుల్లో రెయిడ్ వివరాలుండే పాత సూపర్‌బ్లాక్‌ మీద కొత్తది రాస్తుంది. డిస్కుల వరుస, చంక్ సైజు (ఒక్కో డిస్కులో పడే ముక్క పరిమాణం), డేటా ఆఫ్‌సెట్ (డేటా మొదలయ్యే చోటు) మొదట ఉన్నట్లే పడితేనే ఫైళ్లు దక్కుతాయి. ఎండీఆడమ్ వెర్షన్ మారితే ఆఫ్‌సెట్ మారవచ్చు, రీబూట్‌తో ఎస్‌డీబీ, ఎస్‌డీసీ అనే డిస్కుల పేర్లు తారుమారు కావచ్చు. వరుస తప్పిన రెయిడ్ మీద ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ఎఫ్ఎస్‌సీకే నడిపితే మిగిలిందీ పోతుంది.

అయ్యా, ముందు ప్రతి డిస్కుకూ సూపర్‌బ్లాక్‌ చూపే ‘ఎగ్జామిన్’ ఇచ్చి, వచ్చినదంతా వేరే పెన్‌డ్రైవ్‌లో దాచుకొని, ‘ఈవెంట్స్’ అంకెలు (రెయిడ్‌లో జరిగిన మార్పుల లెక్క) పోల్చండి. ఒక్క డిస్కే వెనకబడితే దాన్ని పక్కన పెట్టండి, రెయిడ్ 5 మూడింటితో నడుస్తుంది. అయితే కరెంటు పోయి డర్టీగా (రాత మధ్యలో ఆగి) మిగిలిన రెయిడ్‌లో ఒక డిస్కు కూడా తక్కువైతే కెర్నల్ దాన్ని తనంతట మొదలుపెట్టదు. ‘స్టాప్’ ఇచ్చి, ఆ మూడు డిస్కుల పేర్లతో ఉన్న రెయిడ్‌ను మళ్లీ కలిపే ‘అసెంబుల్’కు ‘ఫోర్స్’ చేర్చి ఇవ్వాలి. చివరి క్షణంలో రాసినది కొంత చెడి ఉండవచ్చు కాబట్టి మొదట రీడ్ ఓన్లీగా (చదవడానికి మాత్రమే) మౌంట్ చేయండి.

చిత్తూరు నుంచి:
సూపర్‌బ్లాకులే చెరిగిపోతే?

బైరాగిపట్టెడ నుంచి:
అప్పుడు మీ మాటే దారి, కాదనను. కానీ అదీ అసలు డిస్కుల మీద కాదు. డీఎం‌సెటప్‌తో ఓవర్‌లే (పై పొర) వేస్తే రాతలన్నీ వేరే ఫైలులోకి పోతాయి, వరుస తప్పినా మళ్లీ ప్రయత్నించవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
మూడింటి ఈవెంట్స్ ఒక్కటే, నాలుగోది 23 వెనక ఉంది. మీరు చెప్పినట్లే చేశాను. రెయిడ్ స్థితి చూపే ‘ఎండీస్టాట్’లో మూడు యూలు (నడుస్తున్న డిస్కులు), ఒక అండర్‌స్కోర్ (లేని డిస్కు) కనిపిస్తున్నాయి. వీడియోలు తెరుచుకుంటున్నాయి. కొత్త డిస్కుకు కాపీ చేస్తున్నాను, పూర్తయ్యేదాకా నాలుగోదాన్ని చేర్చను.