డీజిల్‌ను జీఎస్టీలో కలపాలా, వద్దా?

చిత్తూరు లారీ: నాకు రెండు లారీలున్నాయి. చిత్తూరులో ట్యాంకు నింపి ఏళ్లయింది. వేలూరు రోడ్డులో బార్డర్ దాటితే లీటరుకు నాలుగైదు రూపాయలు తక్కువ. 300 లీటర్లకు ఎంత మిగులుతుందో లెక్కేసుకోండి. ఇవతల బంకులో కుర్రాడు మధ్యాహ్నం పూట కుర్చీలో కునుకు తీస్తుంటాడు, పాపం. మన దగ్గర డీజిల్ మీద 22.25 శాతం వ్యాట్ (రాష్ట్రం వేసే అమ్మకం పన్ను), పైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. జీఎస్టీలో కలిపేస్తే ఈ గోల పోతుంది గదా?

తిరుపతి రిటైర్డ్: కలపడానికి రాజ్యాంగంలో దారి ఉంది. ఎప్పటినుంచి అన్నది జీఎస్టీ కౌన్సిల్, అంటే కేంద్రం, రాష్ట్రాల మంత్రులు కూర్చునే సంఘం, చెప్పాలి. 2021 సెప్టెంబరులో లక్నోలో కూర్చుని, ఇది సమయం కాదన్నారు. 2017లో జీఎస్టీ వచ్చాక రాష్ట్రం తనంతట తాను పెంచుకోగలిగే పన్నుల్లో పెద్దవి మందు, పెట్రోలు మీదవే. అవీ లాగేసుకుంటే మా పింఛను ఎవరిస్తారు అన్నా?

పలమనేరు టమోటా: పన్ను సంగతి తర్వాత. పెట్రోలు రేటు 2010లో, డీజిల్ రేటు 2014లో మార్కెట్‌కు వదిలేశామన్నారు. ఏం మార్కెట్ సామీ అది? మా మండీలో సరుకు ఎక్కువొస్తే అదే పూట బాక్సు రేటు పడిపోతుంది. 2020లో కరోనా టైములో క్రూడు (ముడి చమురు) రేటు నేలకు దిగితే, మే నెలలో కేంద్రం పెట్రోలు మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు సుంకం పెంచింది. బంకులో రేటు కదల్లేదు. పెరిగితే మన నెత్తిన, తగ్గితే ఖజానాకు.

తిరుపతి రిటైర్డ్: అది నిజమే. కాదనను.

చిత్తూరు ఆడిటర్: లారీ అన్నా, జీఎస్టీ వస్తే డీజిల్ మీద కట్టిన పన్ను క్రెడిట్‌గా, అంటే మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా, వెనక్కి వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. బండిని ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు కిరాయికిచ్చే ఓనరుకు ఆ కిరాయి మీద జీఎస్టీ లేదు. పన్ను కట్టనోళ్లకు క్రెడిట్ రాదు. జనరేటరుకు డీజిల్ పోసే మామిడి పల్ప్ ఫ్యాక్టరీకైతే వస్తుంది.

చిత్తూరు లారీ: క్రెడిట్ ఎవరికి కావాలి సార్, రేటు తగ్గితే చాలు. జీఎస్టీలో అన్నిటికన్నా పై స్లాబు 40 శాతమే గదా? కేంద్రం సుంకం, మన వ్యాట్ కలిపి చూస్తే అసలు ధర మీద అంతకంటే ఎక్కువే కడుతున్నాం.

తిరుపతి రిటైర్డ్: అందుకే గదయ్యా ప్రభుత్వాలు ఒప్పుకోనిది.