రెండు ‘ఎల్’లు, మన ‘ల్ల’

అందరికీ నమస్కారం. ఒక సందేహం అడగాలని రాస్తున్నాను. కొంచెం వివరంగా చెబితేగానీ అర్థం కాదు, ఓపిగ్గా చదవండి.

నేనుండేది బ్రిస్బేన్‌లో. ఈ ఊరి బ్యాండ్ ఒకటుంది, పేరు ‘ద గో-బిట్వీన్స్’. రాబర్ట్ ఫోర్‌స్టర్, గ్రాంట్ మెక్‌లెనన్ అని ఇక్కడి యూనివర్సిటీలో చదివే ఇద్దరు కుర్రాళ్ళు 1977 చివర్లో మొదలుపెట్టారు. మరుసటి ఏడాది ‘లీ రెమిక్’ అనే సింగిల్‌తో బయటికొచ్చారు. 1981 నుంచి 1988 దాకా ఆరు ఆల్బమ్‌లు చేశారు. 1989లో విడిపోయారు, 2000లో మళ్ళీ కలిసి ఇంకో మూడు చేశారు. 2006లో మెక్‌లెనన్ 48 ఏళ్ళకే పోయాడు, దాంతో బ్యాండూ ఆగిపోయింది. పెద్ద హిట్లు కొట్టిన వాళ్ళు కాదు గానీ ఈ ఊరికి వాళ్ళంటే ప్రాణం. నది మీద 2010లో తెరిచిన వంతెనకు వాళ్ళ పేరే పెట్టుకున్నారు. నేను ఆఫీసుకు దాని మీదుగానే వెళ్తాను. వెళ్ళేటప్పుడు కారులో చాలాసార్లు వాళ్ళ పాటలే ఉంటాయి.

వాళ్ళ రికార్డుల పట్టిక ఒకటి తెలుగులో రాసుకుందామని ఒక నోటుబుక్కు పెట్టాను. ఏ ఏడు, ఏ కంపెనీ, ఎన్ని పాటలు, అంతే. మొదటి ఆల్బమ్ దగ్గరే చిక్కు వచ్చింది. ‘సెండ్ మీ ఎ లలబై’ 1981లో ఆస్ట్రేలియాలో 8 పాటలతో వచ్చింది, 1982లో ఇంగ్లండ్‌లో 12 పాటలతో వచ్చింది. ఒకటే రికార్డు అనాలా, రెండనాలా? సరే, రెండు వరసల్లో రాసేశాను. అది చిన్న సంగతి. అసలు చిక్కు తర్వాత వచ్చింది.

ఆదివారం సాయంత్రం మా అమ్మాయికి తెలుగు డిక్టేషన్ చెబుతున్నాను. తను ఇక్కడే పుట్టింది, ఎనిమిదేళ్ళు. ‘తెల్ల పిల్లి గోడ ఎక్కింది’ అన్నాను. ‘తెల పిలి గోడ ఎకింది’ అని రాసింది. మళ్ళీ నొక్కి చెప్పాను, ‘తెల్‌-ల’ అని. అప్పుడూ తనకు తేడా వినపడలేదు. పెన్సిలు చివర కొరుకుతూ టేబుల్ మీద పరిచిన రికార్డుల వైపు చూస్తోంది. కాసేపటికి, “అమ్మా, వీటన్నిటి పేర్లలో రెండు ఎల్‌లు ఉన్నాయి” అంది.

నిజమే. ఈ బ్యాండ్ అభిమానులకు ఇది బాగా తెలిసిన సంగతి. ‘సెండ్ మీ ఎ లలబై’ (1981), ‘బిఫోర్ హాలీవుడ్’ (1983), ‘స్ప్రింగ్ హిల్ ఫెయిర్’ (1984), ‘లిబర్టీ బెల్ అండ్ ద బ్లాక్ డైమండ్ ఎక్స్‌ప్రెస్’ (1986), ‘తలూలా’ (1987). ఐదింటి స్పెల్లింగ్‌లోనూ ఒక చోట ఎల్ పక్కనే ఎల్ ఉంటుంది. ఆరోది ‘16 లవర్స్ లేన్’ (1988). అందులో రెండు మాటలు ఎల్‌తో మొదలవుతాయి. ఆరు రికార్డులకూ లోపల దారం గుచ్చినట్టు అదే అక్షరం.

ఇప్పుడు నా తెలుగు పట్టిక చూడండి: లలబై, హాలీవుడ్, హిల్, బెల్, తలూలా. ఒక్క దాంట్లోనూ ‘ల్ల’ లేదు! దారం తెగిపోయింది. డిక్టేషన్‌లో ‘ల్ల’ వినలేకపోయిన పిల్లకు ఇంగ్లిషు అట్టల మీద రెండు ఎల్‌లు వెంటనే కనిపించాయి. ‘ల్ల’ను నిద్రలో కూడా వినగలిగే నేను ఇన్నేళ్ళుగా ఆ ఎల్‌లను చూడనే లేదు. ఇంగ్లిషు జంట అక్షరం కంటిది, మన ద్విత్వం చెవిది. ‘కల’కూ ‘కల్ల’కూ మధ్య ఎంత దూరం ఉందో మనకు చెవే చెబుతుంది. ఇంగ్లిషులో మాట మధ్యలో ఎల్ ఒకటున్నా రెండున్నా పలుకు ఒకటే.

నా ప్రశ్న: ఇలాంటప్పుడు పేర్లు ఎలా రాయాలి? పలుకుబడిని పట్టుకోవాలా, ఆ జంటను నిలబెట్టాలా?

జవాబు, గుంటూరు నుంచి:

అమ్మా, మీరు హల్లుతో ఆపేశారు కాబట్టి పోయింది. అచ్చంగా తెలుగు చేసి చూడండి. హిల్లు, బెల్లు! బడిలో బెల్లు కొట్టారు అంటాం గానీ బెల్ కొట్టారు అనం కదా. సెల్లు, బిల్లు, రైసు మిల్లు, డల్లు, ఫుల్లు, అన్నీ అంతే. మీ ఆరింటిలో రెండు తిరిగొచ్చినట్టే.

నా జవాబు:

చాలా సంతోషమండీ, ఇది నాకు తట్టలేదు. కాకపోతే ఒక్క సంగతి. ఆ ‘ల్లు’ ఇంగ్లిషు స్పెల్లింగ్ నుంచి వచ్చింది కాదు. బస్సుకు ఇంగ్లిషులో ‘ఎస్’ ఒకటే, పెన్నుకు ‘ఎన్’ ఒకటే, జుట్టుకు రాసే జెల్లుకు ‘ఎల్’ ఒకటే. అయినా మనం వత్తు పెట్టాం. అదే హాలుకు ఇంగ్లిషులో రెండు ఎల్‌లున్నా ‘సినిమా హాల్లు’ అనలేదు. హ్రస్వం మీద ఆగే ఏకాక్షరపు మాట అయితే ద్విత్వం వస్తుంది, దీర్ఘమైతే రాదు. రైలు, స్కూలు, మైలు, హాలు చూడండి. మాట పొడుగైతే మళ్ళీ వేరు: హోటలు, సైకిలు, పెన్సిలు. అక్కడ లకారం ఒంటరిగానే ఉంటుంది. టకారం మాత్రం ఊరుకోదు: టికెట్టు, బకెట్టు. ఇవన్నీ ఎవరూ నేర్పిన సూత్రాలు కావు. బడికి వెళ్ళని మా నాయనమ్మ కూడా తప్పకుండా ఇలాగే అనేది.

జవాబు, విశాఖ నుంచి:

మాట చివర సంగతి ఒప్పుకుంటానండీ. మాట మధ్యలో మాత్రం మీరన్నంత తేటగా లేదు. ‘పిల్లర్’ అంటాం, ‘కిల్లర్’ అంటాం, ‘ఎల్లో’ అంటాం. ఒక్క ఎల్ ఉన్న ‘కలర్’ను కలర్ అనే అంటాం. ఇక్కడ స్పెల్లింగ్ పనిచేసినట్టే కదా? ఇంగ్లిషును మనం చాలామటుకు పుస్తకంలోంచే నేర్చుకున్నాం. అక్కడ రెండు కనిపిస్తే నోరూ రెండు పలికింది.

నా జవాబు:

మీరన్నది సరైనదే, నేను తొందరపడ్డాను. చూసిన అక్షరం నోట్లోకి వచ్చింది. కానీ అన్నిచోట్లా రాలేదు. ‘డాలర్’కు రెండు ఎల్‌లు, మనకు ఒకటే, ముందు దీర్ఘం ఉంది కాబట్టి. హాలీవుడ్ కూడా ఇందుకే ఒంటరి. ‘బెలూన్’కు రెండు, మనకు ఒకటే. అక్కడ ఇంగ్లిషువాళ్ళు ఊనిక రెండో అక్షరం మీద వేస్తారు, అందుకని కావచ్చు. ‘తలూలా’ కూడా బెలూన్ బాపతే. ఇంతా చేసి ‘లెటర్’, ‘బటర్’ ఏ లెక్కకూ లొంగవు. ఇంగ్లిషులో ‘టీ’లు రెండున్నాయి, ముందు హ్రస్వమే ఉంది, అయినా ‘లెట్టర్’ అనం. బకెట్టులో అంత పట్టుబట్టిన టకారం ఇక్కడ ఎందుకు వదిలేసిందో ఎవరైనా చెబితే వింటాను.

ఒక సరదా చూడండి. ‘ఎల్లో’ అని మీరు రాయగానే గుర్తొచ్చింది. బ్యాండ్ తిరిగి కలిశాక 2003లో వచ్చిన ఆల్బమ్ ‘బ్రైట్ ఎల్లో బ్రైట్ ఆరెంజ్’. తొమ్మిది ఆల్బమ్‌లలోనూ ఇంగ్లిషులో జంటగా ఉండి, తెలుగులో ఏ ప్రయాసా లేకుండా జంటగానే నిలిచింది అదొక్కటే.

జవాబు, తెనాలి నుంచి, ఛందస్సు చెప్పే మాస్టారు:

తల్లీ, ‘తలూలా’ను కంటికి కనబడ్డట్టు రాస్తే ఏమవుతుందో చూశారా? ‘తల్లులా’! తల్లులు అన్న మాటకు ప్రశ్న చేర్చినట్టు. తలూలా యగణం, లఘువు మీద రెండు గురువులు. తల్లులా రగణం, గురువు, లఘువు, గురువు. ఒక్క వత్తు పడేసరికి గణమే మారిపోయింది. మీ అమ్మాయికి ‘ల్ల’ వినపడాలంటే నొక్కి పలికితే లాభం లేదు, తాళం వేయించండి. ‘పిల’ అన్నప్పుడు రెండు చిన్న దెబ్బలు, ‘పిల్ల’ అన్నప్పుడు ఒక పెద్ద దెబ్బ, ఒక చిన్న దెబ్బ. ద్విత్వానికి ముందున్న అక్షరం గురువయి తీరుతుంది, అది చేతికి తెలుస్తుంది.

‘లవర్స్ లేన్’లో యతి కుదిరిందని ఎవరైనా అంటారేమో, కుదరలేదు. హల్లు ఒకటే అయినా అచ్చు కలవాలి. ‘ల’లో అకారం, ‘లే’లో ఏకారం, ఆ రెండూ మిత్రులు కావు. అది అనుప్రాస అనండి, చాలు.

ప్రాస కావాలంటే పోతన దగ్గరికి వెళ్ళండి. సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు తండ్రితో చెప్పే ‘ఎల్ల శరీరధారులకు’ పద్యం ఉంది కదా, నాలుగు పాదాల్లోనూ రెండో అక్షరం చూసుకోండి. ఎల్ల, ద్రెళ్ల, ర్తిల్ల, దుల్ల. రెండో పాదంలో ‘ళ్ల’ వచ్చింది, లకారానికి ళకారంతో ప్రాస చెల్లుతుంది. ఆ బ్యాండ్‌వాళ్ళు ఆరు రికార్డులకు చేసింది ఆయన నాలుగు పాదాలకు చేశాడు, పైగా చెవికి వినపడేలా చేశాడు.

నా జవాబు:

మాస్టారూ, ఈ జవాబు ప్రింటు తీసి పెట్టుకున్నాను. తాళం పని చేసింది! నిన్న వంటగదిలో గట్టు మీద చేత్తో కొడుతూ ‘కల’, ‘కల్ల’ అన్నాను. మూడోసారికి నవ్వింది. “రెండో దాంట్లో ఆగావు” అంది. ఆగడం అన్న మాట తనే కనిపెట్టింది. అవును కదా, ‘ల్ల’ దగ్గర నాలుక అంగిలికి ఆనించి ఒక్క క్షణం ఆగుతాం. ఎన్నేళ్ళుగా పలుకుతున్నానో, అక్కడ ఆగుతున్నానని నాకే తెలియదు.

జవాబు, కరీంనగర్ నుంచి:

అక్కా, ఆరో రికార్డు సంగతి మర్చిపోయిన్రు. లేన్ అంటే మీరు సందు అంటరు కావచ్చు, మా దిక్కు గల్లీ అంటం. ‘16, ప్రేమికుల గల్లీ’ అని రాయండి. ఇంగ్లిషుల ఎల్‌లు ఎడం ఎడంగ ఉన్నయి, మన దాంట్ల ఒకదాని కింద ఒకటి ఉంటయి.

నా జవాబు:

తమ్ముడూ, ఇది చదివి కుర్చీలోంచి లేచాను! నిజంగా ఇంటి నంబరులాగే ఉంది. ఆ ఆల్బమ్‌లో ‘స్ట్రీట్స్ ఆఫ్ యువర్ టౌన్’ అనే పాట ఉంది, వాళ్ళ పాటల్లో జనానికి బాగా తెలిసింది అదే. పైకి ఎండకాసినట్టుండే పాట, లోపల ఊరి చీకటి కూడా ఉంటుంది. దానికి సందు కన్నా గల్లీయే నప్పుతుంది.

మీ జవాబు చదివాక మిగతా పేర్లూ అర్థానికి తిప్పి చూశాను. స్ప్రింగ్ హిల్ ఈ ఊళ్ళో ఒక పేట, ఫెయిర్ అంటే అక్కడి సంత లాంటిది. ‘స్ప్రింగ్ హిల్ తిరునాళ్ళు’ అంటే ‘ళ్ళ’ వచ్చింది, మాస్టారు ప్రాసకు ఒప్పుకున్నారు కాబట్టి పట్టికకూ ఒప్పుతుంది. బెల్ అంటే ఇక్కడ గంట కాదు, సొగసైన ఆడపిల్ల. ‘పిల్ల’లో ఉండనే ఉంది. ‘బిఫోర్’కు పాత మాట ‘తొల్లి’ ఉంది. ఈ ఆల్బమ్‌లోనే ‘క్యాటిల్ అండ్ కేన్’ పాట వస్తుంది. మెక్‌లెనన్ నాలుగేళ్ళవాడుగా ఉన్నప్పుడే తండ్రి పోయాడు. క్వీన్స్‌లాండ్ ఉత్తరాన పెరిగాడు. బడి నుంచి చెరకు తోటల మీదుగా ఇంటికొచ్చే పిల్లాడు, రేకుల కప్పు ఇల్లు, నాన్న గడియారం, అన్నీ ఆ పాటలో ఉన్నాయి. లండన్‌లో కూర్చుని రాసుకున్నాడు. తాళం కూడా మామూలుగా నాలుగు దెబ్బల్లో పడదు, పదకొండు లెక్కపెట్టాలి. అలాంటి పాట ఉన్న రికార్డుకు ‘తొల్లి’ అన్న మాట ఎంత బాగా అతుకుతుందో! పరాయి దేశంలో కూర్చుని ఊరిని తలుచుకునే నాబోటి వాళ్ళకు ఆ పాట వేరేగా వినిపిస్తుంది.

జోల ఒక్కటే మిగిలిపోయింది. లాలి, జోల, ఉయ్యాల, అన్నిట్లోనూ లకారం ఒంటరే.

జవాబు, విశాఖ నుంచి:

‘లల్లాయి పాట’ ఉందిగా?

నా జవాబు:

శబ్దం సరిగ్గా సరిపోయిందండీ, కానీ లల్లాయి పాట అంటే తేలికగా తీసిపారేసే పాట అని కూడా అర్థం వస్తుంది. నిద్రపుచ్చే పాటను అలా అనడానికి మనసొప్పడం లేదు.

రాత్రి మా అమ్మకు ఫోన్ చేసి అడిగాను, నన్ను పడుకోబెట్టేటప్పుడు ఏం పాడేదానివి అని. పాట గుర్తు లేదంది. కాసేపు ఊరుకుని, “మాటలెక్కడివే, ళుళుళు ఆయీ, ళుళుళు ఆయీ అని ఊపేదాన్ని, అంతే” అంది. స్పీకర్‌లో పెట్టి మళ్ళీ అనమన్నాను. మా అమ్మాయి పక్కనే కూర్చుని గట్టు మీద చేత్తో దెబ్బలు లెక్కపెట్టింది. తర్వాత ‘లలబై’ వరస పక్కన నా నోటుబుక్కులో తనే పెన్సిలుతో మూడు ‘ళు’లు రాసింది. రెండోది కాస్త ‘శు’లా వచ్చింది గానీ చెరపనివ్వలేదు.

ఇంకో వరస ఖాళీగా ఉంది. 2005లో వచ్చిన చివరి ఆల్బమ్ ‘ఓషన్స్ అపార్ట్’. దాని పేరులో ఎంత వెతికినా ఒక్క ఎల్ కూడా లేదు. దీన్ని తెలుగులో ఏమనాలో మీకేమైనా తడితే రాయండి.